పిలిస్తే రాలే ఇసుక

తెల్లారి లేవగానే ఒక్తావీ చేసే మొదటి పని ఇంట్లో ఇసుక ఊడవడం. పొయ్యి వెలిగించేది తర్వాత, టీ నీళ్లు పడేసేది ఇంకా తర్వాత. మూలనున్న కొబ్బరి ఈనెల చీపురు అందుకుని, నడుం వంచి, నిన్న పొద్దంతా పోగుపడిన తెల్లటి ఇసుకను ముందు గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరటి గుమ్మంలోకి నెట్టుకుంటూ పోయి, గుడిసె వెనకున్న బురద నీళ్లలోకి తోసేస్తుంది. పదహారేళ్లుగా ఇదే వరస. వెనక బురదలో ఇప్పుడు నలభై అడుగుల పొడవున తెల్లగా ఒక తిన్నె లేచింది. పోటు నీళ్లొచ్చినా అది మునగదు.

మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో, చక్కెర గోదాముల గోడకీ సముద్రపు బురదకీ మధ్య ఇరుక్కున్న సందు అది. రేకుల గుడిసెలు ఎనిమిది, కుళాయి ఒకటి. ఆ కుళాయి దగ్గర రోజూ సూర్యోదయంతో పాటే జెర్మెన్ గొంతు కూడా లేస్తుంది.

"ఏయ్ జిల్వా! నీ బకెట్ నిండి ఎంతసేపైంది, తీస్తావా తన్నెయ్యమంటావా?"

ఆ మాట ఆమె నోట్లోంచి వచ్చిందో లేదో, ఒక్తావీ పాదాల చుట్టూ జలజలమని గుప్పెడు ఇసుక రాలింది. చలికాలం పొద్దున కూడా ఆ ఇసుక గోరువెచ్చగానే ఉంటుంది.

"అంతేనా నీ గొంతు? రాత్రి తిండి తినలేదా జెర్మెన్?" అంది ఒక్తావీ, కాళ్లు దులుపుకోకుండానే. "గట్టిగా అను. నా తిన్నెకి ఆ చివర కాస్త పల్లంగా ఉంది."

జెర్మెన్ ఉక్రోషంతో ఇంకోసారి అంది. ఇంకో గుప్పెడు రాలింది. వెనక వరసలో నిలబడ్డవాళ్లు చెప్పుల్లో ఇసుక పడకుండా ఓ అడుగు పక్కకు జరిగి, మళ్లీ తమ మాటల్లో పడ్డారు.

జిల్వా అంటే దీవివాళ్లు అని అర్థం, అంతే. పెరోస్, సలోమన్, దియేగో అని ఎక్కడో వారం రోజుల ఓడ ప్రయాణం దూరంలో ఉన్న దీవుల్లో పుట్టినవాళ్లకు పట్నం పెట్టిన పేరు అది. మారిషస్ కూడా దీవే కదా, పట్నంవాళ్లు మాత్రం ఏ ఖండం వాళ్లని ఎవరైనా అడగొచ్చు. అడిగినవాళ్లు లేరు. పేరులో ఏ పాపమూ లేదు, ఉన్నదంతా పలికే నోట్లోనే. బట్టలు పోతే జిల్వా, పిల్లల తలలో పేలు పడితే జిల్వా, రోడ్డు దాటడం రానివాడు జిల్వా. అలా అన్నప్పుడల్లా ఇసుక రాలుతుంది గనక సందులో తల్లులు పిల్లల్ని కసురుతారు. "ఇప్పుడే ఊడ్చి చచ్చాను, ఆవిణ్ణి నా గుమ్మం ముందు పిలిస్తే వీపు పగులుద్ది!" అని. గోళీలాటకు మెత్తటి నేల కావాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ పిల్లలే ఒక్తావీ కోసం వెతుక్కుంటూ వస్తారు. ఒకసారి చర్చిలో ఫాదర్ గారు ప్రేమ పొంగిపోయి "మన జిల్వా సోదరులారా" అని పదకొండు సార్లు అన్నారు. ముందు బల్లల వాళ్లకి చీలమండల దాకా వచ్చింది. ఒక తాపీ మేస్త్రీ ఊరికే వస్తుంది కదా అని రెండు బస్తాలు పట్టుకుపోయి గోడకు పూత వేశాడు. ఆ గోడ ఈనాటికీ ఆరలేదు. సముద్రం పోటు మీదున్న వేళ చెమ్మగిల్లి ఉప్పు కారుతుందట.

ఒక్తావీకి ఆ ఇసుకతో మొదటి పరిచయం చేపల బజారులో.

పెరోస్‌లో ఉండగా రెండేళ్ల కూతురు లియోనీకి చెవిలో చీము పట్టి జ్వరం వదలకపోతే, పట్నం ఆసుపత్రిలో చూపించుకుని తర్వాతి ఓడకి వెనక్కి పోదామని వచ్చింది. గుడిసె తలుపు దగ్గరికి వేసి వచ్చిందంతే. పెరోస్‌లో గడియ పెట్టే అలవాటు ఎవరికీ లేదు. అక్కడ పడవ ఎవరిదైతేనేం, పట్టిన చేపల్ని గుమ్మం ముందు బల్ల మీద పరుస్తారు. ఎవరి చట్టి ఖాళీగా ఉంటే వాళ్లొచ్చి తీసుకుంటారు. పట్నం వచ్చిన మూడో రోజు ఒక్తావీకి రాతి అరుగు మీద పరిచిన చేపలు కనిపించాయి. మొప్పలు ఎత్తి చూసి, రెండు మంచివి ఏరుకుని, "సల్లగుండు తమ్ముడూ" అని వచ్చేసింది.

"దొంగ! జిల్వా దొంగ! పట్టుకోండి!"

జనం మూగారు. ఎవరో చెయ్యి పట్టి లాగారు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ క్షణంలో ఒక్తావీ కిందికి చూసింది. తెల్లటి ఇసుక. పగడపు నూక కలిసిన, గవ్వ ముక్కలు మెరిసే ఇసుక. వంగి వాసన చూసింది. అనుమానం లేదు, తన గుడిసె ముందరిదే. చేపలు అరుగు మీద పెట్టేసి, ఇసుకను మాత్రం తలగుడ్డలో మూట కట్టుకుని తల ఎత్తుకునే నడిచి వచ్చింది.

వారం పోయాక ఓడ సంగతి కనుక్కోవడానికి వెళితే గుమస్తా కాగితాల్లోంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "మీ దీవి మూసేశారమ్మా."

"మూసెయ్యడానికి అదేమన్నా దుకాణమా అయ్యా? తలుపెక్కడుంది దానికి?"

గుమస్తా తర్వాతి మనిషిని రమ్మన్నాడు. ఇక పెరోస్‌కి ఓడ లేదు. తెల్లదొరలకు తమ సైన్యం కోసం ఆ దీవులతో పనిబడింది, అక్కడి మనుషులతో పనిలేకపోయింది. రెండేళ్లకి ఆమె మొగుణ్ణి ఆఖరి ఓడ మీద ఒక పెట్టెతో తెచ్చి దించారు. కుక్కను ఒడ్డునే వదిలేయాల్సి వచ్చిందని మొదటి రోజే చెప్పాడు. ఆ తర్వాత రోజంతా గుమ్మంలో కూర్చుని నేలకేసి చూస్తుండేవాడు. ఏడాది తిరక్కుండా పోయాడు. డాక్టరు గుండె అన్నాడు. సందులో ఆడవాళ్లు దిగులు అన్నారు. ఆడవాళ్లు చెప్పిందే నిజం.

అప్పట్నించీ ఒక్తావీ ఒక నియమం పెట్టుకుంది. ఎవరు ఆ పేరుతో పిలిచినా పలకాలి. తిట్టినా పలకాలి, ఉమ్మినా పలకాలి. దీవిని మూసినవాళ్లు ఆ పేరును మూయడం మర్చిపోయారు. ఆ ఒక్క సందులోంచి గుప్పెడు గుప్పెడుగా తన ఊరు తన దగ్గరికి వస్తుంటే వద్దనడానికి ఆమెకేం పిచ్చా?

లియోనీ దారి వేరు. పద్దెనిమిదేళ్ల పిల్ల, చదువుకున్న పిల్ల, చేతిలో పనితనం ఉన్న పిల్ల. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరిన రెండో నెలలో ఎవతో ఒకతి పోట్లాటలో "పోవే జిల్వా" అంది. ఇసుక వెళ్లి మెషీన్లలో పడింది, వరసగా తొమ్మిది సూదులు విరిగాయి. ఆ పొద్దే పనిలోంచి తీసేశారు. రెండో ఫ్యాక్టరీలో తనది రొద్రీగ్ దీవి అని రాయించుకుంది. అక్కడివాళ్లకి ఏ ఇసుకా రాలదు. అప్పట్నించీ మూసిన బూట్లు తొడుక్కుంటుంది, సందులోకి తోటి అమ్మాయిల్ని రానివ్వదు, బజార్లో తల్లికి పది అడుగుల వెనక నడుస్తుంది. ఒక్తావీకి అది తెలుసు. తెలిసీ వెనక్కి తిరిగి చూడదు, పిల్ల సిగ్గుపడుతుందని.

ఆ మంగళవారం గోదాముల కంపెనీ తరఫున మెస్యే దెల్మోన్ వచ్చాడు. సన్నటి మీసం, చంకలో తోలు సంచీ, వెనక కొలతల టేపు పట్టుకున్న సర్వేయరు. సందులో అందర్నీ కుళాయి దగ్గర నిలబెట్టి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు.

"ఈ స్థలం కంపెనీది. ఇక్కడ కొత్త షెడ్డు లేస్తోంది. పైగా, ఎందుకు దాచాలి, చక్కెర బస్తాల్లో ఇసుక వస్తోందని కొన్నవాళ్లు గోల పెడుతున్నారు. మిమ్మల్ని ఊరికే పొమ్మనడం లేదు. కొండ మీద ఇటుకల ఇళ్లున్నాయి. ఇంటింటికీ కుళాయి. శుక్రవారం లారీ వస్తుంది. ఎక్కడమే."

"ఇంటింటికీ కుళాయే!" అంది జెర్మెన్, గుండె మీద చెయ్యి వేసుకుని.

"అయితే దీవుల నుంచి వచ్చిన... వచ్చిన కుటుంబాలకి ఒక చిన్న కాగితం ఉంది. కొత్త ఇళ్లు ఇసుకతో పాడవకూడదు కదా. వేలిముద్ర వేస్తే చాలు."

ఆ పేరు నాలుక చివరి దాకా వస్తే మింగేశాడని ఒక్తావీ కనిపెట్టింది. బాగా చెప్పి పంపించినట్టున్నారు ఇతనికి.

"ఏముంది కాగితంలో?"

"మామూలే మదాం. పద్ధతి కోసం."

సందులో ఒక్తావీ కాక ఇంకొక్క దీవి మనిషి ఉన్నాడు. ముసలి ఆగస్తెన్, సలోమన్‌లో పడవలు తోలినవాడు, శనివారం సాయంత్రాలు డప్పు వేడి చేసి వాయించేవాడు. ఆయాసం మనిషి, కొండగాలి మంచిదని ఎవరో చెప్పారు. "ఎన్నాళ్లు బతుకుతాను ఒక్తావీ, ఆ నాలుగు రోజులూ పొడి నేల మీద పడుకోనీ" అని బొటనవేలు సిరాలో ముంచి అద్దాడు. ముద్ర చక్కగా పడింది.

ఒక్తావీని బలవంతంగా కూర్చోబెట్టి ఆమె వేలు కూడా అద్దారు. కాగితం మీద నల్లటి మచ్చ పడింది. అందులో ఒక్క గీత లేదు. రెండోసారి అద్దారు, ఎడమ చెయ్యి అద్దారు. అదే మచ్చ. పన్నెండో ఏట నుంచీ రోజుకి వెయ్యికి పైగా చిప్పల్లో బొటనవేలు దూర్చి కొబ్బరి పెకలించిన చేతులవి. పెరోస్ ఆడవాళ్లెవరికీ వేలి మీద గీతలుండవు, అవన్నీ ఆ చిప్పలకే అంటుకుపోయాయి.

"ఇది చెల్లదు" అన్నాడు దెల్మోన్ విసుగ్గా. "చదువుకున్నవాళ్లెవరూ లేరా ఇంట్లో?"

"కూతురుంది!" అంది జెర్మెన్, ఎవరూ అడక్కుండానే.

"అయితే ఇద్దరి తరఫునా ఆమే సంతకం పెడుతుంది. శుక్రవారం పొద్దున."

మర్నాడు పిల్లలు గోళీలాటకి ఆగస్తెన్ గుమ్మం ముందు చేరి, ఎప్పటిలాగే "తాతా! జిల్వా తాతా!" అని పిలిచారు. ఏమీ రాలలేదు. ఇంకా గట్టిగా పిలిచారు. ఒక్క రేణువు కూడా రాలలేదు. పిల్లలు కాసేపు చూసి, ఆట పట్టుకుని వేరే చోటికి పోయారు. ఆగస్తెన్ మాత్రం సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని తన పాదాల మధ్య నేలకేసి చూస్తూనే ఉన్నాడు. ఒక్తావీ కొబ్బరిపాలల్లో ఉడికించిన చేప తెచ్చి పక్కన పెడితే ముట్టుకోలేదు. మొగుడు పోయిన ఏడాది ఆ చూపు ఆమె రోజూ చూసింది.

రాత్రి పని కూడా చేసి ఆ సాయంత్రమే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లియోనీకి జరిగిందంతా జెర్మెనే చెప్పేసింది. పిల్ల బూట్లు కూడా విప్పకుండా తల్లి ఎదురుగా నిలబడింది.

"సంతకం పెడతానమ్మా. నువ్వు అడ్డం రాకు."

"ఏముందో చూడకుండానే?"

"ఏముంటే నాకేం? ఇటుకల ఇల్లమ్మా! వానొస్తే గిన్నెలు పెట్టుకోనక్కర్లేదు. నీళ్ల కోసం ఆ జెర్మెన్ చేత తిట్లు తిననక్కర్లేదు. నా స్నేహితురాలు ఇంటికొస్తానంటే జ్వరమని అబద్ధం చెప్పనక్కర్లేదు."

"ఆగస్తెన్‌ని చూశావా?"

"చూశాను. ఇసుక రాలడం లేదు. హాయిగా ఉన్నాడు."

"మీ నాన్న కూడా అట్లాగే హాయిగా ఉన్నాడు."

లియోనీ తగ్గలేదు. "నీకేం పోయింది? అది తిట్టు! తిట్టు వింటే నీకు పండగ! నాకు పెరోస్ గుర్తు కూడా లేదమ్మా. గుర్తులేని ఊరి కోసం నేనెందుకు పడాలి ఈ మాటలన్నీ?"

"నీకు గుర్తు లేకపోతే ఏం? దానికి నువ్వు గుర్తున్నావు. లేకపోతే ఆ ఫ్యాక్టరీలో నీ కాళ్ల మీద ఎందుకు రాలింది? మీ నాన్న నిన్ను ఎత్తుకుని తిరిగిన ఒడ్డు అది. వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చింది. దాన్ని బూట్లలో పెట్టి తొక్కుతున్నావు."

"నా సూదులు విరగ్గొట్టడానికి వచ్చింది."

"ఒకసారి ఓడ ఎక్కాను, దీవి పోయింది" అంది ఒక్తావీ నెమ్మదిగా. "అప్పుడు నీ జ్వరం చూసి ఎక్కాను, తప్పులేదు. ఇంకోసారి ఎవరు ఎక్కమన్నా ఎక్కను. లారీ కూడా ఓడలాంటిదే. నువ్వు వెళ్తానంటే వెళ్లు, ఆపను. నా తరఫున సంతకం పెట్టే ముందు మాత్రం ఆ కాగితం నాకు చదివి వినిపించు. ఆ మాత్రం హక్కు నాకుంది."

లియోనీ అవతలి గదిలోకి పోయింది. మర్నాడు తల్లి ఇసుక ఊడుస్తుండగానే పనికి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున లారీ సందు మొగలో ఆగింది. ఏడు గుడిసెల వాళ్లూ మూటలు కట్టుకుని కూర్చున్నారు. ఒక్తావీ మూట కట్టలేదు. రోజూలాగే ఇల్లు ఊడ్చింది, ఇసుకను వెనక్కి తోసింది, పొయ్యి మీద కందిపప్పు పడేసింది. చీపురు చేత్తోనే పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

దెల్మోన్ గోదాము గోడ దగ్గర బల్ల వేయించుకున్నాడు. సర్వేయరు కంపెనీ స్థలం హద్దులో ఇనుప మేకులు కొట్టించాడు. ఆఖరి మేకు ఒక్తావీ పెరటి గుమ్మం అవతల, బురద మొదలయ్యే చోట పడింది.

"సందులో ఎవరూ ఆ పేరు ఎత్తొద్దని చెప్పాను" అన్నాడు దెల్మోన్ చుట్టూ చూస్తూ. "ఈ పూటకి అందరూ నోరు అదుపులో పెట్టుకోండి."

పదహారేళ్ల తర్వాత మొదటిసారి ఆ సందులో ఒక్తావీని ఎవరూ ఏమీ అనలేదు. పొద్దుట్నించీ ఒక్క రేణువు రాలలేదు. జెర్మెన్ సైతం మూట మీద కూర్చుని పెదాలు బిగబట్టుకుంది. ఒక్తావీకి ఆ మర్యాద కాళ్ల కింద నేలను లాగేస్తున్నట్టే ఉంది. "అనండే! పదహారేళ్లు అన్నారు, ఇవాళ నోళ్లు పడిపోయాయా?" అని అరిచింది. తలలు దించుకున్నారు. కొండ మీది కుళాయిలు వాళ్ల నోళ్లు కట్టేశాయి.

అప్పుడొచ్చింది లియోనీ. నీలం ఫ్యాక్టరీ కోటు, మూసిన బూట్లు, పూట సెలవు పెట్టి వచ్చింది. ఎవరి వంకా చూడకుండా బల్ల దగ్గరికి వెళ్లి కలం అందుకుంది. దెల్మోన్ కాగితం మడత విప్పి, సంతకం చోట వేలు పెట్టి చూపించాడు.

"లియోనీ!" అంది ఒక్తావీ గుమ్మంలోంచి. "చదువు."

"అక్కర్లేదు మాద్‌మ్వాజెల్" అన్నాడు దెల్మోన్ తొందరగా. "ఇంగ్లీషులో ఉంది, ఆవిడకేం అర్థమవుతుంది?"

లియోనీ కలం దించింది. తల్లి వంక చూసింది. చీపురు పట్టుకున్న ఆ చేతుల మీద, గీతలు అరిగిన ఆ బొటనవేళ్ల మీద ఇంకా మంగళవారం నాటి సిరా పోలేదు.

"నాకు అర్థమవుతుంది" అంది లియోనీ. "నేను చెప్తాను ఆవిడకి."

కాగితం పైకెత్తి, మొదటి వాక్యం కళ్లతో చదువుకుని, తమ మాటలోకి మార్చి గట్టిగా చెప్పింది. "ఒక్తావీ అనే నేనూ, నా కూతురు లియోనీ జిల్వాలం కామని..."

జలజలమని రాలింది. గుమ్మంలో తల్లి కాళ్ల చుట్టూ గుప్పెడు. బల్ల దగ్గర నీలం కోటు కింది నుంచి ఇంకో గుప్పెడు.

"మనసులో చదువుకోండి!" అని దెల్మోన్ లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడూ జిల్వాలుగా ఉండలేదని, ఇకపై ఎవరు జిల్వా అని పిలిచినా పలకమని, మా పిల్లలకూ వాళ్ల పిల్లలకూ జిల్వా అనే పేరు..."

కంపెనీ వకీలు ఎవడో గట్టి మనిషి. ఎక్కడా సందు ఉండకూడదని ఒక్కో వాక్యంలో ఆ పేరును మూడేసి సార్లు దింపాడు. మూడు పేజీలు. ఆ పేరు లేకుండా చెయ్యాలన్నా దాన్ని పలక్క తప్పలేదు వాళ్లకి. లియోనీ మొదట నెమ్మదిగా చదివింది. రెండో పేజీకి వచ్చేసరికి గొంతు పెంచింది. బూట్ల నిండా ఇసుక పొంగి పాదాలు పట్టకపోతే, ఒక చేత్తో కాగితం పట్టుకునే వాటిని విప్పి అవతల పారేసింది. ఆ వెచ్చటి ఇసుకలో కాలి వేళ్లు కదిపింది. మొహంలో ఏదో వచ్చి పోయింది. ఒక్తావీకి దూరం నుంచే తెలిసింది, పిల్లకి ఒడ్డు గుర్తుకొచ్చిందని.

"ఇదే రాశారమ్మా వీళ్లు!" లియోనీ గొంతు చించుకుని అరిచింది. "మనం మనం కాదని సంతకం పెట్టమంటున్నారు! పెట్టను! నేను జిల్వాని! మా అమ్మ జిల్వా! మా నాన్న జిల్వా!"

ఇంతవరకూ ఎవరూ తమను తామే పిలుచుకుని చూడలేదు. ఇసుక గుప్పెళ్లతో ఆగలేదు. బస్తా విప్పి కుమ్మరించినట్టు వచ్చింది. బల్ల కాళ్లు మునిగాయి, ఇనుప మేకులు మునిగాయి, లారీ చక్రాలు ఇరుసుల దాకా కూరుకుపోయాయి. జనం తమ మూటలు నెత్తికెత్తుకుని, "జరగండి, జరగండి" అనుకుంటూ చోటిచ్చారు.

మూటల మీంచి జెర్మెన్ లేచింది. ఇంక ఆమె వల్ల కాలేదు. "ఏయ్ జిల్వా!" అంది, కుళాయి దగ్గరి గొంతుతోనే. "నీ పొయ్యి మీద పప్పు పొంగుతోంది, చూసుకోవేమే!" ఆ వెనక పిల్లలు అందుకున్నారు. తర్వాత సందంతా అందుకుంది. పదహారేళ్లుగా ఉమ్మినట్టు విసిరిన మాటను ఆ పూట జయ కొట్టినట్టు అరిచారు.

ఒక్తావీ గుడిసె కింద ఇసుక ఉబ్బింది. గుడిసె అలాగే లేచి, పొయ్యి మీద పప్పుతో సహా, గుమ్మంలో ఒక్తావీతో సహా, వెనక్కి జరిగి జరిగి తిన్నె మీద కూర్చుంది. పప్పు చుక్క కూడా తొణకలేదు.

సర్వేయరు నిజాయితీ గలవాడు. మోకాళ్ల మీద కూర్చుని, ఇసుక తవ్వి, ఆఖరి మేకు వెతికి, అక్కణ్ణించి టేపు పట్టాడు. రెండుసార్లు కొలిచాడు. "ఇరవై రెండు అడుగులు బయట ఉంది సార్" అన్నాడు. "అక్కడ మన పటంలో స్థలమే లేదు."

"అయితే ఎవరిది అది?"

"పటంలో లేనిది ఎవరిదని చెప్పను సార్?"

దెల్మోన్ కాగితాల కోసం చూస్తే సంచీ ఇసుకలో ఉంది. లియోనీ దాన్ని తవ్వి తీసి, అందులోంచి ఆగస్తెన్ వేలిముద్ర వేసిన కాగితం వెతికి, ముసలాయన దగ్గరికి తీసుకెళ్లింది.

"తాతా, ఇది చదివి వినిపించారా నీకు?"

"లేదమ్మా."

ఆయన కాళ్ల దగ్గర చతికిలబడి మూడు పేజీలూ చదివింది. ఏమీ రాలలేదు. మళ్లీ మొదట్నించీ చదివింది. ఆగస్తెన్ ముద్ర వేసిన బొటనవేలిని ప్యాంటుకి రుద్దుకుంటూ విన్నాడు. మూడోసారి సగంలో ఉండగా ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, దగ్గుతూ, ఆయాసపడుతూ తనే అన్నాడు. "నేను జిల్వాని. సలోమన్ జిల్వాని. పో, చెప్పు వాళ్లకి." చిటికెడు రాలింది, ఎడమ కాలి మీద. ముసలాయన దాన్ని అరచేతిలోకి తీసుకుని ఏడ్చాడు. తర్వాత చేప ఏమన్నా మిగిలిందా అని అడిగాడు.

లారీని లాగడానికి ఇంకో లారీ రావాల్సి వచ్చింది. అది ఖాళీగానే వెనక్కి పోయింది. కొండ మీది ఇళ్లకి వెళ్లాలనుకున్న రెండు కుటుంబాలు నడిచి వెళ్లాయి. మిగతావాళ్లు తిన్నెకేసి చూస్తూ నిలబడ్డారు.

"మరి నా గుడిసె?" అంది జెర్మెన్.

"చోటుంది. రేకులు పట్టుకుని వచ్చెయ్" అంది ఒక్తావీ. "తలుపుకి గడియ పెట్టావంటే మాత్రం ఊరుకోను."

"అక్కడుంటే నన్ను కూడా జిల్వా అంటారు కదే?"

"అంటే ఏం పోయింది? ఊడవడం నేర్పిస్తాలే."

సోమవారం పొద్దున లియోనీ పనికి బయల్దేరింది. బూట్లు వేసుకోలేదు. చీపురు చేత పట్టుకుని తల్లి కూడా బయల్దేరింది. "నువ్వెందుకమ్మా?" అంటే, "ఊడవడానికి" అంది. బజార్లో ఇద్దరూ పక్కపక్కనే నడిచారు.

ఫ్యాక్టరీ గేటు ముందు అమ్మాయిలు బస్సు దిగుతున్నారు. లియోనీ మెషీన్లకి దూరంగా, గడపకి ఇవతలే ఆగింది. వాచ్‌మన్ చిట్టా తిప్పుతూ, "లియోనీ, రొద్రీగ్" అని టిక్కు పెట్టబోయాడు.

"కొట్టెయ్ అన్నా, అది తప్పు" అంది లియోనీ. "నేను జిల్వాని. పెరోస్‌లో పుట్టాను. అట్లాగే రాయి."

జలజలమని గడప ముందంతా తెల్లగా పరుచుకుంది. ఆమె పాదాలు శుభ్రంగా దులుపుకుని, కోటు అంచు విదిలించుకుని, సంచీలోంచి బూట్లు తీసి తొడుక్కుని, ఒక్క రేణువు లోపలికి పోనివ్వకుండా గడప దాటింది. బస్సు దిగిన అమ్మాయిలు నోరు తెరుచుకుని చూస్తున్నారు. వాచ్‌మన్ పాత మాట కొట్టేసి, కొత్తది రాసుకున్నాడు.

ఒక్తావీ నడుం వంచి చీపురు ఆనించింది.

"ఊడవకమ్మా" అంది లియోనీ లోపలి నుంచి, వెనక్కి తిరిగి. "ఉండనీ. తొక్కి, నాలాగే పాదాలు దులుపుకుని రానీ అందర్నీ."